రెండో రేకు పెట్టె

నవంబరు 3, సోమవారం

మనవరాలు యశస్విని మూడో తరగతి లెక్కల పుస్తకంలో వెనక ఇరవై ఆరు పేజీలు తెల్లగా ఉన్నాయి. దీన్ని పాత పేపర్లవాడికి వేసేయబోతుంటే నేను తీసి దాచాను. ఇప్పుడు రాసుకోడానికి పనికొచ్చిందా లేదా.

నేను ఐదో తరగతి వరకే చదివాను. అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ, ఎవరు చూస్తారు. పక్కింటి గురువమ్మకి చెప్పుకుంటే సాయంత్రానికి మల్కాపురం అంతా తెలిసిపోతుంది. కొడుక్కి చెబితే కసురుతాడు. పుస్తకమైతే ఊరుకుంటుంది.

పిల్లకి మళ్లీ ఆయాసం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఇంట్లో దుమ్ము ఉంటుందా అని ఆయన అడిగాడట. నా కోడలు ధనలక్ష్మి ఊరుకుంటుందా, "మా అత్త గది ఉందండి" అందట.

ఈ పేటలో తెల్ల చీర ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగులోకి వస్తుంది. పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము. అది ఎవరికీ కనబడదు. నా గదే కనబడింది.

నవంబరు 5, బుధవారం

పిల్ల దగ్గుతోంది. పడుకున్నప్పుడు మూడుసార్లు వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. గ్యాసు కట్టానో లేదో రెండుసార్లు చూశాను. కట్టే ఉంది.

నవంబరు 9, ఆదివారం

నా కొడుకు జగ్గారావుకి ఇవాళ సెలవు. ఆటోనగర్‌లో ఇనుము చెక్కే లేతు మిషను మీద పని వాడిది. నా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, నీ గదిలోకి రావాలంటే ఎక్కడ అడుగెయ్యాలో సెప్పు."

"అడ్డంగా తిరిగి రా. నాను రోజూ ఎల్తన్నాను కదేటి."

"నువ్వు పీతలాగ ఎల్తన్నావు. నాను మనిసిని కదా."

పిల్ల పకపకా నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా దాని వీపు రాశాను.

తర్వాత వాడు గుమ్మంలోనే కూర్చున్నాడు. "డాక్టరు గట్టిగా సెప్పినాడమ్మా. మార్గశిరం అయిపోయేలోగా ఈ గది ఖాళీ అవ్వాల. నేదంటే గాజువాకలో ఇల్లు సూసినాను, పిల్లని తీసుకుని ఎలిపోతాం. నువ్వూ రా. గానీ రెండు సంచులే. మూడోది తెస్తే నాను మొయ్యను."

చెత్త అంటారు. ఏది చెత్త? పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి వందేసి కట్టలు కట్టాను. పెళ్లి కార్డుల మీద వినాయకుడు ఉంటాడు, వాటిని పారేస్తే ఏమవుతుందో వీళ్లకి తెలుసా. నీళ్ల సీసాలున్నాయి. హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఒక్క సీసా కోసం ఎంత దూరం నడిచామో నాకు తెలుసు. మందుల పెట్టెలు, క్యాలెండర్లు, బియ్యం సంచులు, పిల్ల పాత చెప్పులు. అన్నీ పనికొచ్చేవే. మంచం కింద తాళం వేసిన రేకు పెట్టె. అంతే.

పిల్ల లేకపోతే ఇంట్లో నేనెందుకు. గది సర్దుతాను. నేనే సర్దుతాను.

నవంబరు 11, మంగళవారం

మంగళవారం. ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వకూడదు.

నవంబరు 12, బుధవారం

పొద్దున్నే మొదలుపెట్టాను. ఒక పాల ప్యాకెట్ల కట్ట విప్పి, ఒక్కో ప్యాకెట్లో వేళ్లు పెట్టి చూశాను. లోపల ఏమైనా ఉండిపోతే? ఏమీ లేదు. మళ్లీ కట్ట కట్టాను. ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూశాను. మధ్యాహ్నం అయిపోయింది.

ఒక విరిగిన దువ్వెన గుమ్మం బయట పెట్టాను. పదిసార్లు వెళ్లి చూశాను. సాయంత్రం లోపల పెట్టేశాను. ఒక్క దువ్వెనే కదా, ఎంత చోటు తింటుంది.

నవంబరు 14, శుక్రవారం

శుక్రవారం. లక్ష్మి.

నవంబరు 17, సోమవారం

పిల్లకి ఇవాళ పరీక్ష. ఈ రోజు పారేస్తే చదివింది పోతుందని భయం వేసింది. రేపు మంగళవారం.

నవంబరు 20, గురువారం

అమావాస్య.

నవంబరు 27, గురువారం

గది ఖాళీ.

నవంబరు 28, శుక్రవారం

నిన్న రెండు మాటలు మించి రాయలేకపోయాను. 

మార్గశిరంలో మొదటి గురువారం కదా అని గురువమ్మా నేనూ వన్ టౌన్ అమ్మవారి గుడికి వెళ్లాం. ఆటోలోనూ క్యూలోనూ ఆమె నోరు మూయలేదు. నేను అమ్మవారిని ఒకటే అడిగాను, పిల్ల మా ఇంట్లోనే ఉండాలి, దాని ఊపిరి బాగుండాలి. కుంకుమ పొట్లం కట్టించుకున్నాను.

వచ్చేసరికి ఇంటి ముందు ఫినాయిలు వాసన. నా గది తలుపు పూర్తిగా తెరుచుకుని ఉంది. అది అంత వెడల్పు తెరుచుకుంటుందని మర్చిపోయాను. గోడలు నీలం రంగువి. పదకొండేళ్ల తర్వాత గోడలు చూశాను. జగ్గారావు పని మానేసి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని, మూడు ట్రిప్పులు తోలించాడట.

"ఏటి సేసినావురా?"

"నీ వల్ల అవదమ్మా. పిల్ల కోసం సేసినాను. ఇప్పుడు సూడు, గాలాడతంది."

"ఎక్కడేసినావు? సెప్పు, నాను ఎల్లి తెచ్చుకుంటాను."

"ఎక్కడేసినానో నాకే తెల్దు. ఒగ్గీయమ్మా."

నేల మీద కూర్చుండిపోయాను. కుంకుమ పొట్లం చేతిలోనే ఉంది. మంచం కింద రేకు పెట్టె ఒక్కటే మిగిలింది. తాళం చూసి విలువైనది ఉందనుకుని వదిలేశాడట. అందులో ఉన్నవి పాత గుడ్డలు.

విలువైనది అందులో లేదు. అదే కదా.

డిసెంబరు 1, సోమవారం

అన్నం దిగడం లేదు. ఆ గదిలో మాట్లాడితే మాట మళ్లీ మనకే వినబడుతోంది. పిల్ల వచ్చి నా పక్కన పడుకుంది. "నాయినమ్మా, ఇప్పుడు ఈ గదిలో తొక్కుడుబిళ్ల ఆడుకోవచ్చు" అంది. దానికి సంతోషంగా ఉంది. నేనూ నవ్వాను.

డిసెంబరు 3, బుధవారం

వీధి చివర ఎవరో మంచి డబ్బా పారేశారు. మూత కూడా ఉంది. మూత ఉన్న డబ్బాని ఎవరైనా పారేస్తారా.

డిసెంబరు 5, శుక్రవారం

సంచులు నాలుగే. నా గదిలో పెడితే రోజూ చూస్తున్నారు. పిల్ల మంచం కింద ఎవరూ చూడరు, దుప్పటి కిందికి వేలాడుతూ ఉంటుంది. కొత్తగా కట్టే ఇంటి దగ్గర దొరికిన సిమెంటు సంచి గట్టిది, వానకి తడవదు. నాలుగు సంచులు పెట్టాక, వారం రోజుల తర్వాత ఇవాళ ఆకలి వేసింది.

నాలుగే కదా.

డిసెంబరు 7, ఆదివారం

ఇవాళ రాయను.

డిసెంబరు 9, మంగళవారం

రాయకపోతే ఎవరికి చెప్పుకుంటాను.

ఆదివారం మధ్యాహ్నం పిల్ల పెన్సిలు దొర్లి మంచం కిందికి పోయింది. అది దూరి, చేతికి అందిన సంచి లాగింది. సిమెంటు సంచి. నేను దులపలేదు. దులిపాననే అనుకున్నాను. తెల్లటి దుమ్ము దాని మొహం నిండా పడింది. రెండు దగ్గులు దగ్గింది, మూడోది రాలేదు. డొక్కలు ఎగిరిపడుతున్నాయి. పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. మందు పీల్చే డబ్బా ఎక్కడుందో నాకు కనబడలేదు. బల్ల మీదే ఉందట. నా కళ్ల ముందే.

ఆటోలో ధనలక్ష్మి ఒళ్లో పడుకుని, ఊపిరి పీల్చుకుంటూ మాట మాటకీ ఆగుతూ అంది, "నానే... లాగినాను. నాయినమ్మని... తిట్టకండి."

ఆసుపత్రిలో మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు. రెండు గంటల తర్వాత పెదాలు మామూలు రంగుకొచ్చాయి.

నిన్న ధనలక్ష్మి పిల్ల బట్టలూ బడి సంచీ సర్దింది. గాజువాకలో వాళ్ల అమ్మ ఇంట్లో ఉంచి, అక్కడినుంచే బడికి పంపుతుందట. తిడితే బాగుండును. గుమ్మం దగ్గర ఆగి ఇలా అంది:

"అత్తా, నాను నిన్ను తిట్టను. తిట్టే ఓపిక నేదు. పిల్ల ఈ ఇంట్లో పడుకోవాలంటే దాని మంచం కింద ఏటీ ఉండకూడదు. అంతే నాను అడిగీది."

డిసెంబరు 11, గురువారం

పిల్లల డాక్టరే చెప్పాడట, ముందు పెద్దావిడని మనసు డాక్టరుకి చూపించండి అని. గురువమ్మ గోడ మీంచి వినేసింది. "ఓలమ్మ, పిచ్చాసుపత్రికేటే? ఎవులైనా సూస్తే ఏటంతారు?" అంది. "నీ గొంతు విన్నోల్లు నిన్నే తీసుకెల్తారు, ఊరుకో పిన్నీ" అన్నాడు జగ్గారావు. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు ఐదు నిమిషాలు చూసి, భయం తగ్గడానికని చిన్న బిళ్ల రాశాడు. తర్వాత శ్రీసత్య అనే అమ్మాయి దగ్గరికి పంపాడు. మాట్లాడడమే ఆ అమ్మాయి పని. నా కోడలి వయసు ఉంటుంది. పెద్ద బొట్టు.

నేను సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి ఆ సంచి వైపు చూడలేదు. అది నాకు నచ్చింది.

"మామ్మగారూ, ఇది పిసినారితనం కాదు, శుభ్రం లేకపోవడం కాదు, పిచ్చీ కాదు. వస్తువు వదలాలంటే ప్రాణం పోయినంత భయం వేసే జబ్బు ఒకటుంది. చాలామందికి ఉంటుంది, సిగ్గుపడి చెప్పుకోరు. బీపీకి మందు వేసుకున్నట్టే దీనికీ మెల్లగా వైద్యం ఉంది."

జగ్గారావు కల్పించుకున్నాడు. "నాను మొత్తం తీసి పడేసినానండి. మల్లీ మొదలెట్టింది."

"మీరు తీసింది సామాన్లేనండి, భయాన్ని కాదు. ఆవిడ లేనప్పుడు తీశారు కాబట్టి ఇప్పుడు ఇంటినే నమ్మలేకపోతున్నారు. ఇకనించి ఆవిడ చేత్తో ఇవ్వందే ఒక్క కాగితం కూడా కదపొద్దు."

వాడు తల దించుకున్నాడు. ముప్పై ఆరేళ్లవాడు, బడిలో దెబ్బ తిన్నట్టు.

మంగళవారం ఇవ్వకూడదని నేను చెప్పాను. శుక్రవారం కూడా. మార్గశిర గురువారం అసలే కాదు. ఆ అమ్మాయి అన్నీ విన్నది.

"మరి ఏ వారం ఇవ్వొచ్చు మామ్మగారూ?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. సోమవారం పిల్ల పుట్టిన వారం. శనివారం మా ఆయన పోయిన వారం. బుధవారం నుంచి మళ్లీ మొదలుపెట్టాను. వేళ్లు అయిపోయాయి, వారం దొరకలేదు.

"మొదట్నుంచీ ఇంతేనా? మంగళవారం ఎప్పటినుంచి?"

గ్యాసు కట్టానో లేదో చూసుకోవాలి, ఇంటికి వెళ్తానన్నాను.

డిసెంబరు 15, సోమవారం

శ్రీసత్య ఇచ్చిన పని. ఒక వస్తువు చేతిలోకి తీసుకోవాలి. భయం పదిలో ఎంతో రాయాలి. గుమ్మం బయట పెట్టాలి. పరుగెత్తి తెచ్చుకోకుండా కూర్చోవాలి.

మూత ఉన్న డబ్బా. ఎనిమిది.
కూర్చున్నాను. ఎనిమిది.
ఇంకా కూర్చున్నాను. చెమట. ఏడు.
పాపం జగ్గారావు పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలిచాడు. వాడికి ఒలవడం రాదు, గింజలు నేల మీద పోస్తున్నాడు. నాకు అటు చూపు పోయింది. ఐదు.

ఫోనులో పిల్ల అడిగింది, "నాయినమ్మా, నువ్వు కూడా మందు పీలుస్తున్నావా?" మింగుతున్నానన్నాను. "చేదా?" అంది. కొంచెం.

డిసెంబరు 18, గురువారం

చెప్పేశాను.

అమ్మవారి గురువారమే. గుడికి వెళ్లలేదు, శ్రీసత్య దగ్గరికి వెళ్లాం. మంగళవారం సంగతి ఆ అమ్మాయి మళ్లీ అడగలేదు. నాకే నోట్లోంచి వచ్చేసింది.

మా నీలిమ, జగ్గారావు అక్క. తొమ్మిదేళ్లకి మెదడువాపు జ్వరంతో పోయింది. వీడికి అప్పుడు ఆరేళ్లు. దాని గౌను, పలక, రిబ్బన్లు, బడిలో అందరితో తీసిన ఒక్క ఫోటో, అన్నీ రేకు పెట్టెలో పెట్టాను. ఫోటో గోడకి వేలాడదీస్తే మా ఆయన తవిటయ్య అన్నం తినేవాడు కాదు. పోర్టులో మూటలు మోసి వచ్చి కంచం ముందు కూర్చుని ఆ ఫోటో చూసి లేచిపోయేవాడు. అందుకని పెట్టెలో పెట్టాను. అదే సంతలో అదే రోజు కొన్న రెండో పెట్టెలో పాత గుడ్డలు వేశాను. రెండూ ఒకలాంటివే, ఆకుపచ్చ రంగు.

హుద్‌హుద్ ఆదివారం వచ్చింది. పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. ఇల్లంతా నీళ్లు, కంపు. మంగళవారం చెత్త ట్రాక్టరు వచ్చింది. తొందరగా వెయ్యండి, ఇంకా పది వీధులున్నాయి అని అరుస్తున్నారు. గుడ్డల పెట్టె అనుకుని ఎత్తి ఇచ్చాను. నేనే ఇచ్చాను. నా చేతుల్తో. ట్రాక్టరు మలుపు తిరిగాక మిగిలిన పెట్టె తెరిచాను. గుడ్డలు.

రెండు రోజులకి మా ఆయనా నేనూ ఊరి చెత్త పోసేచోటికి వెళ్లాం. విశాఖపట్నం అంతా అక్కడ కొండలా పోసి ఉంది. చెట్లు, తలుపులు, పరుపులు, ఎవరెవరి పెట్టెలో. మా ఆయన కర్రతో రెండుచోట్ల కెలికి, కర్ర పారేసి, కూర్చుని ఏడ్చాడు. నేను ఏడవలేదు.

శ్రీసత్య మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

జగ్గారావు గోడ వైపు తిరిగి ఉన్నాడు. అటే చూస్తూ, "ఆ పెట్టెకి అటేపు సెయ్యి ఏసింది నానే అమ్మా. అందులో అక్కవి ఉన్నాయని నాకు తెల్దు" అన్నాడు.

"నీకెలాగ తెలుస్తాదిరా."

"ఇంకోటి సెప్తాను, ఏటీ అనుకోకు." వాడు చేత్తో మొహం తుడుచుకున్నాడు. "నాకు అక్క మొకం గుర్తు నేదు. ఎంత తలుచుకున్నా రావట్లేదు. జడ గుర్తుంది. నన్ను సంకనేసుకుని ఎల్లీది, అది గుర్తుంది. మొకం నేదమ్మా. నీకు సెప్తే ఏడుస్తావని ఇన్నాల్లూ సెప్పనేదు."

ఇన్నేళ్లూ ఏడవలేదు. ఇవాళ ఏడ్చాను. వాడి చొక్కా గ్రీజు వాసన.

డిసెంబరు 19, శుక్రవారం

ఫోటో లేదు. తండ్రి లేడు. తమ్ముడికి గుర్తు లేదు. నేను పోతే ఆ మొహం ఎక్కడుంటుంది.

డిసెంబరు 24, బుధవారం

పిల్ల మంచం కింద సంచులు నాలుగూ నా చేత్తోనే ఇచ్చాను. నాలుగు రోజులు పట్టింది. రెండోది వెనక్కి తెచ్చుకున్నాను, మళ్లీ ఇచ్చాను. వెనక్కి తెచ్చుకున్నానని శ్రీసత్యకి ఫోనులో చెబితే, "చెప్పారు కదా, అది మంచిది" అంది. నిద్రలో ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. అదింకా తగ్గలేదు.

డిసెంబరు 30, మంగళవారం

ఇవాళ కావాలనే మంగళవారం పెట్టుకున్నాను. శ్రీసత్య పెట్టమనలేదు.

రేకు పెట్టె తాళం తుప్పు పట్టింది. జగ్గారావు నూనె వేసి తీశాడు. గుడ్డలే. మా ఆయన పంచె ముక్కలు, పాత లంగాలు, చింపిన దుప్పట్లు. ఒక్కొక్కటీ దులిపి, మడతలు విప్పి చూశాను. వాడు పక్కనే కూర్చున్నాడు, తొందర పెట్టలేదు. ఏమీ దొరకలేదు. దొరకదని తెలుసు. అయినా చూశాను.

"ఇయ్యి మా షెడ్డుకి పనికొస్తాయమ్మా. మిషను తుడుచుకోడానికి నూలు గుడ్డ దొరకడం నేదు. ఇస్తావేటి?"

తొమ్మిది. పెదవి కొరుక్కున్నాను.

"పట్టుకెల్లు."

బండి వెనక మూట కట్టుకున్నాడు. మలుపు దాకా చూశాను. చేతులు ముందుకి చాచే ఉన్నాయట, గురువమ్మ చెప్పింది. "ఏటే, ఎవులికైనా పిల్లనిచ్చీసినట్టు అలాగ నిలబడ్డావు?" అంది. ఆమెకి తెలియదు. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

సాయంత్రం వాడి వేళ్లకి గ్రీజు లేదు. రోజూ ఉంటుంది.

జనవరి 4, ఆదివారం

యశస్విని వచ్చింది. బట్టలతో పాటు బడి సంచీ కూడా తెచ్చింది. ధనలక్ష్మి ఆ సంచిని పిల్ల మంచానికి తగిలించింది. 

పిల్ల మంచం కిందికి వంగి చూసింది. "ఏటీ నేదు నాయినమ్మా! ఇటునుంచి సూస్తే అటేపు గోడ కనిపిస్తంది."

నీళ్ల గది వెనక ఒక్క సంచి ఉంది. మొన్న తెచ్చాను. ఎవరికీ తెలియదు. రేపు శ్రీసత్యకి చెప్పాలి. ఇక్కడ రాశాను కాబట్టి చెప్పక తప్పదు.

ఇంక ఒక్క పేజీ ఉంది. ఈ పుస్తకాన్ని రేకు పెట్టెలో పెడతాను, తాళం వెయ్యను. ఎప్పుడైనా జగ్గారావు తెరిస్తే వాడికి దొరకాలి. అందుకని రాస్తున్నాను.

నీలిమ నుదురు మా ఆయనది, వెడల్పు. కనుబొమలు కలిసి ఉండేవి. పై పళ్లు రెండూ కొంచెం ఎత్తు, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. కళ్లు పెద్దవి కావు. పుట్టుమచ్చ ఒకటి ఉండేది చెంప మీద.

ఏ చెంప?

కుడి అని రాసి కొట్టేశాను. ఎడమ అని రాసి కొట్టేశాను. ఇంతసేపూ కలం పట్టుకుని కూర్చున్నాను. ఇదీ పోయిందా అనుకున్నాను.

అప్పుడు యశస్వినిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఎందుకో చెప్పలేదు. బడికి వెళ్లే ముందు నీలిమ మొహం తుడిచినట్టే దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని, పమిట చెంగుతో తుడిచాను. కారిన కాటుక నా కుడిచేతి బొటనవేలితో తీసేదాన్ని. ఆ వేలికి తగిలేది, ఆవగింజంత, గరుగ్గా.

నా కుడి చెయ్యి. ఎదురుగా ఉన్న పిల్లకి అది ఎడమ చెంప.

ఎడమ చెంప.